పాతిక శాతం వేసుకున్నా నష్టమెందుకు?

ఇంట్లో ఆవకాయ పెట్టి అమ్ముతున్నారు. కిలో సీసాకు కాయలు, కారం, ఆవపిండి, ఉప్పు, నూనె, సీసా, అన్నీ కలిపి 300 రూపాయలు పడిందనుకుందాం. పాతిక శాతం లాభం వేసుకుని 375 ధర పెట్టారు. వీధి చివరి కొట్టాయన “నేను అమ్మిపెడతానండీ, అమ్మిన ధరలో నాకు పాతిక శాతం ఇవ్వండి చాలు” అన్నాడు. నా పాతిక ఆయనకు పోతుంది, పోనీ నలుగురికీ సరుకు పరిచయమవుతుందని ఒప్పుకున్నారు. తీరా చూస్తే సీసాకు 18 రూపాయల 75 పైసలు చేతి చమురు వదిలింది. ఎందుకు?

మీ పాతిక శాతం 300 మీద కట్టింది, అంటే 75. ఆయనది 375 మీద, అంటే 93.75. బడి లెక్కల్లో లాభశాతం కొన్నవెల మీద, తగ్గింపు ప్రకటించిన వెల మీద అని ముందే నేర్పుతారు. బజార్లో ఎవరూ చెప్పరు, మనమే అడగాలి.

మరి ధర ఎలా కట్టాలి? 375కి ఇంకో పాతిక శాతం కలిపితే 468.75 వస్తుంది. అందులోంచి కొట్టాయన వాటా తీస్తే మిగిలేది 351.56 మాత్రమే. వెనక నుంచి రావాలి. ధర నూరు పాళ్లైతే మీకు దక్కేవి 75 పాళ్లు. ఆ 75 పాళ్లూ 375 కావాలి, కాబట్టి పాలు 5 రూపాయలు, ధర 500. అంత పెట్టి కొంటారా అనిపిస్తే కొట్టాయన శాతం దగ్గర బేరమాడండి.

జీఎస్టీ కలిసిన ధరదీ ఇదే తంతు. ప్యాకెట్ మీది ఎంఆర్‌పీ అన్ని పన్నులతో కలిపి ఉంటుంది. 5 శాతం పన్నుతో 525 అయితే అందులో పన్ను 25, 26.25 కాదు.

అసలు ఆ 300 సరైనదేనా? చాలామంది తప్పేది ఇక్కడే. కిలో 40 చొప్పున 10 కిలోల కాయలు కొన్నారు, 400 అయింది. టెంక ముక్కకే ఉంటుంది గానీ జీడి పోతుంది, దాని మీది పొర పోతుంది, తొడిమలూ మెత్తబడ్డ కాయలూ పోతాయి. చివరికి 8 కిలోల ముక్కలు తేలాయి. 20 శాతం పోయింది గదా అని 40కి 8 కలిపి కిలో 48 అని రాసుకుంటారు. 400ని 8తో భాగించి చూడండి: 50.

ఇక నెలవారీ ఖర్చు. గది అద్దె, కరెంటు, సాయానికి వచ్చే మనిషి జీతం కలిపి 15,000 అనుకుందాం. ఒక్క సీసా అమ్మకపోయినా ఇది కట్టాల్సిందే. సీసాకు 75 మిగులుతుంటే 200 సీసాలు పోయేదాకా ఈ ఖర్చే తీరుతుంది, 201వ సీసాతో లాభం మొదలు. ఇంటి దగ్గర అమ్మే 375 ధరలో పండగకని పాతిక రూపాయలు తగ్గించారనుకోండి. ధర తగ్గింది పదిహేనో వంతే. కానీ సీసాకు మిగిలేది 50కి పడిపోయింది, ఆ 15,000 తీరాలంటే 300 సీసాలు అమ్మాలి.

ఇంతా చేసి, తెల్లవారుజామున లేచి కాయలు తుడిచి ఆరబెట్టిన మీ కూలి ఇందులో ఎక్కడా లేదు. నెలకు 6,000 అయినా రాసుకోండి. అప్పుడు 375 ధరకే 280 సీసాలు పోవాలి.