అందోల్ పూలు.. హైదరాబాద్ గొంతు

ఇస్నాపూర్ చౌరస్తాలో నిలబడి ఎవరినైనా ఆపి, 'దేశమంతా పాడుకునే హిందీ సినిమా పాట ఒకటి మన సంగారెడ్డి జిల్లా కవి రాశాడు, ఏదో చెప్పండి' అని అడగండి. మిమ్మల్ని ఎగాదిగా చూస్తారు. ముంబై హైవే మీద లారీలు, పాశమైలారం షిఫ్టు బస్సులు, పటాన్‌చెరు అని అరిచే షేర్ ఆటోలు.. వీటి మధ్య పాటల గోలేంటి అని.

కానీ ఉంది. 1982లో వచ్చిన 'బజార్' సినిమాలోని 'ఫిర్ ఛిడీ రాత్'. రాసిన మఖ్దూం మొహియుద్దీన్ పుట్టింది అందోల్‌లో. ఇదే హైవే మీద సంగారెడ్డి దాకా వెళ్లి, నాందేడ్ రోడ్డెక్కితే జోగిపేట పక్కనే ఆ ఊరు. లతా మంగేష్కర్‌తో కలిసి పాడిన కుర్రాడిది హైదరాబాద్. సినిమా కథ జరిగేదీ హైదరాబాద్‌లోనే. ఆ కుర్రాడే తలత్ అజీజ్.

ఇవన్నీ నాకు ముందే తెలుసా అంటే, లేదు. ఇస్నాపూర్‌లో కిరాయి తక్కువని ఉంటూ, రోజూ ముత్తంగి దగ్గర ఔటర్ రింగు రోడ్డెక్కి ఆఫీసుకు పోయే సాఫ్ట్‌వేర్ వాణ్ని. గజల్ అంటే మందు గ్లాసు, శాలువా, ఏడుపు.. ఇంతే అనుకునే బ్యాచే మాది. మా పక్క పోర్షన్‌లో బిహార్ నుంచి వచ్చిన ఓ అన్న ఉంటాడు. ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటర్. నైట్ షిఫ్టు లేని రోజు వంట చేసుకుంటూ ఫోన్‌లో ఈ పాట పెడతాడు. "భయ్యా, ఎవరు పాడింది?" అంటే, "ఏంది తమ్ముడూ, హైదరాబాద్‌ల ఉండి నన్ను అడుగుతున్నవా?" అని నవ్వాడు. తెలుగు బాగానే నేర్చాడులెండి. ఆ రాత్రి మొదలుపెట్టిన వెతుకులాట ఇంకా ఆగలేదు.

మెహఫిల్ ఇంట్లోనే

తలత్ అజీజ్ 1950ల మధ్యలో హైదరాబాద్‌లో పుట్టారు. తల్లి సాజిదా ఆబిద్ ఉర్దూ రచయిత్రి. ఇంట్లోనే మెహఫిల్స్ జరిగేవి. మెహఫిల్ అంటే స్టేజీ, టికెట్టు ఉండే కచేరీ కాదు. హాల్లో తెల్ల దుప్పటి పరిచి, కవులూ పాటగాళ్లూ స్నేహితులూ కూర్చుని పొద్దుపోయేదాకా సాగించే కొలువు. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్లాడికి షేర్ ఎక్కడ విరవాలో, 'వాహ్' ఎక్కడ పడుతుందో ఎవరూ కూర్చోబెట్టి చెప్పక్కర్లేదు.

చదివింది బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో. మా ఆఫీసులో ఆ స్కూలు పేరెత్తితే అందరూ సత్య నాదెళ్ల గురించే మాట్లాడతారు. తలత్ కూడా అక్కడివాడే అంటే ఒక్కరూ పట్టించుకోలేదు. ఏం చేస్తాం! తర్వాత బీకాం. మధ్యలో కిరానా ఘరానా ఉస్తాదుల దగ్గర శాస్త్రీయ సంగీతం. ఆ రోజుల్లో మంచి కుటుంబం, మంచి స్కూలు, చేతిలో కామర్స్ డిగ్రీ అంటే దారి తెలిసిందేగా. బ్యాంకో, వ్యాపారమో. ఆయన మాత్రం పాట కోసం ముంబై వెళ్లారు.

అక్కడ చేయి పట్టుకున్నది జగ్జీత్ సింగ్. 1976లో చిత్రా సింగ్‌తో కలిసి తెచ్చిన 'ది అన్‌ఫర్గెటబుల్స్' రికార్డుతో జగ్జీత్ గజల్ స్వరూపాన్నే మార్చేశారు. హార్మోనియం, తబలా పక్కన గిటార్, వయొలిన్ పెట్టారు. కష్టమైన ఫార్సీ మాటలు తగ్గించి, మామూలు వాళ్లకు అర్థమయ్యే షేర్లు ఎంచుకున్నారు. ఆయన తలత్ మొదటి ఆల్బమ్‌కు తనే సంగీతం చేసి, 'జగ్జీత్ సింగ్ ప్రెజెంట్స్ తలత్ అజీజ్' అని కవర్ మీద తన పేరు వేసి మరీ పరిచయం చేశారు. ఒకే రంగంలో ఉన్న సీనియర్, రేపు తనకు పోటీ కాబోయే కుర్రాడికి అలా పేరు అరువివ్వడం చిన్న విషయం కాదు. మన ఆఫీసుల్లో అప్రైజల్ సీజన్ చూసినవాళ్లకు దీని విలువ బాగా తెలుస్తుంది.

రెండో గురువు మెహదీ హసన్. పాకిస్తాన్ గాయకుడు, గజల్ లోకంలో ఆయన్ని మించిన పేరు లేదు. ఒక్కో మాటనూ రాగంలో నానబెట్టి పాడే పద్ధతి ఆయనది. తలత్ ఆయనకు శిష్యుడై, ఆయనతో కలిసి వేదికలు ఎక్కారు. జగ్జీత్ దగ్గర సులువు, మెహదీ హసన్ దగ్గర నిదానం. తలత్ గొంతులో ఈ రెండూ వినబడతాయి. నా మాట అడిగితే, ఆయన గొంతు గురువులంత పెద్దది కాదు. కానీ ఆ చిన్నతనమే అందం. పక్కన కూర్చుని మనకొక్కరికే చెబుతున్నట్టు ఉంటుంది.

1981లో ముజఫ్ఫర్ అలీ తీసిన 'ఉమ్రావ్ జాన్'. సంగీతం ఖయ్యాం, కవి షహర్యార్. రేఖకు ఆశా భోంస్లే పాడిన గజళ్లనే అందరూ చెప్పుకుంటారు. వాటి మధ్య ఓ మగ గొంతు 'జిందగీ జబ్ భీ' అంటూ నెమ్మదిగా వచ్చి పోతుంది. అదే తలత్. మరుసటి ఏడాదే అదే ఖయ్యాం పిలిచి లత పక్కన నిలబెట్టారు. అప్పటికి తలత్‌కు అటూఇటుగా పాతికేళ్లు. అంటే ఇప్పటి నాకన్నా చిన్నవాడు.

పూల పాట, అమ్మకపు కథ

'బజార్' గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. దర్శకుడు సాగర్ సర్హదీ. స్మితా పాటిల్, నసీరుద్దీన్ షా, ఫారూక్ షేక్, సుప్రియా పాఠక్. గల్ఫ్ నుంచి డబ్బు మూటలతో వచ్చే పెద్ద వయసు పెళ్లికొడుకులు, ఆ డబ్బుకు పిల్లనిచ్చే హైదరాబాద్ పాతబస్తీ పేద ఇళ్లు.. ఇదీ కథ. పేరులోనే ఉంది, అంగడి అని. సరుకు ఆడపిల్ల. ఫారూక్ షేక్, సుప్రియా పాఠక్ పాత్రలు ప్రేమించుకుంటాయి. 'ఫిర్ ఛిడీ రాత్' వాళ్లదే. రాత్రి, పెళ్లి ఊరేగింపు, ప్రేయసి.. షేర్ మారినప్పుడల్లా చివరికి మాట మళ్లీ పూల దగ్గరికే వచ్చి ఆగుతుంది. వినడానికి ఎంత హాయిగా ఉంటుందో! ఆ అమ్మాయిని బేరం పెట్టబోతున్నారని తెలిశాక మళ్లీ వినండి. అవే పూలు దండలోంచి తెంపినట్టు అనిపిస్తాయి.

లత అప్పటికి ముప్పై ఏళ్లకు పైగా పాడుతున్న మహారాణి. పక్కనున్న కొత్త కుర్రాడు బెదిరిపోయి గొంతు చించుకోవచ్చు, లేదా ముడుచుకుపోవచ్చు. తలత్ రెండూ చేయలేదు. ఆమె వదిలిన చోట మెల్లగా అందుకుని, ఆమెకే తిరిగి ఇచ్చేస్తారు. ఖయ్యాం కూడా వాద్యాలతో హడావుడి చేయలేదు.

ఆ పాట వచ్చేనాటికి కవి చనిపోయి పదమూడేళ్లు. మఖ్దూం 1908 ఫిబ్రవరి 4న అందోల్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివి, సిటీ కాలేజీలో పాఠాలు చెప్పారు. ఆ ఉద్యోగం వదిలేసి కార్మిక సంఘాల్లోకి, కమ్యూనిస్టు పార్టీలోకి వెళ్లారు. 1947 సెప్టెంబర్ 11న నిజాం మీద సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురిలో రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డితో పాటు ఈయన మూడోవాడు. మొదటి పుస్తకం పేరు 'సుర్ఖ్ సవేరా', ఎర్రని పొద్దు. 'బిసాత్-ఎ-రక్స్' అనే సంపుటికి 1969లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది, అదే ఏడాది ఆగస్టు 25న ఢిల్లీలో కన్నుమూశారు. అజ్ఞాతంలో, జైల్లో బతికిన మనిషి పూల గురించి ఇంత మెత్తగా ఎలా రాశాడని ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇవాళ పాశమైలారంలో యూనియన్ జెండా మోసే అన్నకు ప్రేమలో పడటానికి అడ్డేముంది?

ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం ఉంది. ఎన్నిసార్లు దాని పక్కనుంచి బైకు మీద పోయానో లెక్కలేదు.

ఉర్దూ రాదు అంటారా?

గజల్ మన భాష కాదు అనేవాళ్లతో నాకో పేచీ ఉంది. జర, జల్దీ, పరేషాన్, దావత్, షురూ, కిరాయి, దర్వాజ.. ఇవన్నీ మనం ఏ ట్యూషన్‌లో నేర్చుకున్నాం? ఇస్నాపూర్‌లో కూరగాయలు కొనే అవ్వ కూడా రోజుకు వంద ఉర్దూ మాటలు వాడుతుంది. సినారె ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో గజళ్లు రాశారు. వాటిని గజల్ శ్రీనివాస్ లాంటి వాళ్లు ఊరూరా పాడారు. దాశరథి 1961లోనే గాలిబ్‌ను 'గాలిబ్ గీతాలు'గా తెలుగులోకి తెచ్చారు, బాపు బొమ్మలతో. మనం దూరం జరిగాం గానీ గజల్ ఎప్పుడూ పక్కింట్లోనే ఉంది.

పద్ధతి కూడా సులువే. రెండు లైన్లు కలిస్తే ఒక షేర్. ప్రతి షేర్ విడిగా నిలబడుతుంది, ముందు దానితో పనిలేదు. మా భాషలో చెప్పాలంటే మైక్రోసర్వీస్ అన్నమాట. చివర మళ్లీ మళ్లీ వచ్చే మాట రదీఫ్. దానికి ముందు ప్రాస కలిసే మాట కాఫియా. మొదటి లైన్ పాడగానే రెండోది ఎలా ముగుస్తుందో ఊహించడంలోనే విన్నవాడికి మజా. అందుకే మెహఫిల్‌లో గాయకుడు మొదటి లైన్‌నే నాలుగైదు రకాలుగా పాడి ఊరిస్తాడు. పది సెకన్లకో రీల్ జరిపే మన వేలికి ఇదే పెద్ద పరీక్ష.

ఈ ఓపిక లేకపోవడం ఇవాళ్టి జబ్బేం కాదు. 1980లు క్యాసెట్ల కాలం. జగ్జీత్, పంకజ్ ఉధాస్, గులాం అలీ, తలత్.. టేప్‌రికార్డర్ ఉన్న ఇంటికల్లా గజల్ చేరింది. తర్వాతి దశాబ్దంలో పాప్ ఆల్బమ్‌లు, మ్యూజిక్ చానెళ్లు వచ్చి పడ్డాయి, గజల్ పక్కకు జరిగింది. మార్కెట్ పోయాక కళాకారుడు ఏం చేయాలి అన్నది మా తరానికీ తెలిసిన ప్రశ్నే. నేర్చుకున్న టెక్నాలజీ ఐదేళ్లకు పాతబడుతుంటే మేమూ ఇదే అడుగుతున్నాం.

తలత్ జవాబు ఇదీ: టీవీ సీరియళ్లకు సంగీతం చేశారు, కొన్నింట్లో నటించారు కూడా. దేశవిదేశాల్లో కచేరీలు ఆపలేదు. సీరియల్ ట్యూన్లన్నీ నాకు నచ్చాయని చెప్పను. అయితే ఆ గొంతును మాత్రం ఆయన పాడుచేసుకోలేదు. 1989లో మహేశ్ భట్ 'డాడీ'లో తాగుడుకు బానిసైన తండ్రి, అనుపమ్ ఖేర్ పాత్ర, పాడే గజల్ వినండి. అద్దం ముందు నిలబడ్డ మనిషి సిగ్గు అందులో ఉంది. నాకైతే 'బజార్' కంటే ఇదే ఎక్కువ ఇష్టం. 2023లో వచ్చిన 'గుల్‌మొహర్'లో 'దిల్‌కశ్' పాటా ఆయనదే. అరవై దాటిన ఆ గొంతులో కాస్త ఇసుక చేరింది, తీపి తగ్గలేదు.

వెళ్లినవాడి కథ చెప్పాక, ఉండిపోయినవాడి సంగతీ చెప్పాలి. పండిట్ విఠల్ రావు. చిన్నప్పుడే ఏడో నిజాం రెండో కొడుకు మొఅజ్జం జా కొలువులో పాడిన గాయకుడు. హైదరాబాద్ వదిలి వెళ్లలేదు. ఇక్కడే ఉండి జీవితాంతం గజల్ పాడారు, నేర్పారు. కెనడాలో ఫైనాన్స్ ఉద్యోగం వదిలేసి వచ్చిన కిరణ్ అహ్లువాలియా ఈయన దగ్గరే గజల్ నేర్చుకుని ప్రపంచమంతా పాడుతున్నారు. టొరంటో నుంచి వెతుక్కుంటూ వచ్చారు ఆవిడ. మన ఊళ్లో ఎంతమందికి తెలుసు ఆయన? 2015లో షిర్డీ వెళ్లి అక్కడ తప్పిపోయారు. కొన్ని వారాలకే మరణవార్త వచ్చింది. ఎనభై దాటిన మనిషి.

ముంబై వెళ్లకపోయి ఉంటే తలత్ పేరు కూడా నాలుగు మెహఫిల్స్ దాటేది కాదేమో. అందోల్ కవి మాట, హైదరాబాద్ గొంతు, హైదరాబాద్ కథ.. మూడూ ముంబై స్టూడియోలో కలిశాయి. ఆ పాట బిహార్ చుట్టి, ఓ మెషిన్ ఆపరేటర్ ఫోన్‌లో ఎక్కి, మళ్లీ ఇస్నాపూర్ చేరింది.

వినాలనుకునేవాళ్లకు ఓ వరస చెబుతాను. మొదట 'బజార్' పాట. అర్థం కాని మాట ఉంటే రేఖ్తా సైట్‌లో ఆ గజల్ తెరిచి, మాట మీద వేలు పెట్టండి, అర్థం వస్తుంది. తర్వాత 'ఉమ్రావ్ జాన్', ఆ తర్వాత 'డాడీ'. మఖ్దూంవే ఇంకా వినాలంటే 1964 'చా చా చా'లో రఫీ, ఆశ పాడిన 'ఏక్ చమేలీ కే మండ్వే తలే' ఉంది. చివరగా తలత్ లైవ్ కచేరీ ఏదైనా యూట్యూబ్‌లో పెట్టండి. ఔటర్ మీద ముత్తంగి నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ చేరేలోపు మహా అయితే రెండు గజళ్లు అవుతాయి. మొన్న నాకైతే ఒకటిన్నరే అయింది. ఒక్క లైన్ దగ్గరే ఆయన చాలాసేపు ఆగిపోయారు మరి.