పాత పడవ మోటారుకు నాడి పరీక్ష

నది సముద్రమున కలియు మొగలో అలలు విరుగు చోట, చిన్న పడవకు మోటారే బలము. అది అక్కడ తడబడి ఆగినచో పడవ అలలకు అడ్డముగా తిరుగును. అట్లు తిరిగిన పడవను తరువాతి అల బోల్తా కొట్టింపగలదు. కావున పడవ మోటారు సరిగా నడవకపోవుట వీధిలో స్కూటరు మొరాయించుట వంటి స్వల్ప విషయము కాదు. మన కోస్తా తీరమున 1980 దశకములో తెప్పలకును నావలకును మోటారులు అమర్చుట విస్తరించినది. పడవ వెనుక పలకకు బిగించి, పని తీరిన పిదప విప్పి మోసికొనిపోదగిన యంత్రమునకు అవుట్‌బోర్డు మోటారని పేరు. నార్వేలో జన్మించి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో తన మోటారును అమ్మకమునకు తెచ్చిన పిదప ఇది లోకమున బహుళ ప్రచారము పొందెను.

ఈ వ్యాసమున 1950 దశకపు అమెరికా తయారీయైన, పది గుర్రపు శక్తి గల రెండు సిలిండర్ల మోటారును ఉదాహరణముగా గైకొని, అది కుదుపులతో నడచునప్పుడు లోపమును ఏ క్రమమున వెదకవలెనో వివరింప దలచితిమి.

ముందుగా యంత్రము పనిచేయు విధము తెలియవలెను. ఒకప్పుడు మన వీధులలో తిరిగిన లాంబ్రెట్టా స్కూటరు, రాజ్‌దూత్ మోటారు సైకిలు వలెనే ఇదియు టూ-స్ట్రోకు ఇంజను. పిస్టను పైకి పోవునప్పుడు క్రింది క్రాంకుకేసులోనికి పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమము పీల్చబడును. పిస్టను క్రిందికి దిగునప్పుడు ఆ మిశ్రమము ఒత్తిడికి లోనై, ప్రక్క దారులగుండా సిలిండరులోనికి చేరును. మరల పైకి వచ్చిన పిస్టను దానిని నొక్కగా స్పార్కు ప్లగ్గు అంటించును. క్రాంకుకేసు మిశ్రమమునకు దారియైనందున అందు నూనె నిలువయుంచుటకు వీలులేదు. కావున నూనెను పెట్రోలులోనే కలుపుదురు. మన ఉదాహరణ మోటారుకు 24 పాళ్లు పెట్రోలునకు ఒక పాలు నూనె. అనగా 6 లీటర్లకు 250 మిల్లీలీటర్లు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. పెట్రోలు తగ్గినచో నూనెయు తగ్గును.

ఇట్టి మోటారునొకదానిని ఒక మిత్రుడు మా యొద్దకు తెచ్చెను. అది వేగముగా పోవునప్పుడు బాగుగనే యుండెను. నెమ్మదిగా నడపినంతనే వణకుచు ఆగిపోవుచుండెను. నెమ్మది వేగపు మిశ్రమమును సవరించు సూదిమర కార్బొరేటరునందున్నది గనుక లోపము అందే యున్నదని తలచి, ఆయన దానిని మూడు మారులు విప్పించి, క్రొత్త సామానుకు డబ్బు వ్యయము చేసియుండెను. లోపము మాత్రము తీరలేదు.

మేము కార్బొరేటరును ముట్టలేదు. మోటారును నీటితో నిండిన పెద్ద తొట్టెలో నిలిపితిమి. నీరు లేక నడిపినచో, ఇంజనును చల్లబరచు నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లరు కొద్ది సేపటిలోనే పాడగును. మొదటి ప్రశ్న: రెండు సిలిండర్లును పనిచేయుచున్నవా? ఇంజను ఆపి, ఒక ప్లగ్గు తీగను ఊడదీసి, దానిని ఇంజను లోహమునకు తగిలించి, మరల నడుపవలెను. తరువాత రెండవ తీగతో అట్లే చేయవలెను. మేము పై సిలిండరు తీగ తీయగా మోటారు ఆగిపోయెను. క్రింది సిలిండరు తీగ తీయగా నడకలో ఏ మార్పును లేకుండెను. అనగా నెమ్మది వేగమున క్రింది సిలిండరు పనిచేయుటయే లేదు. రెండు సిలిండర్లకును మిశ్రమము ఒకే కార్బొరేటరునుండి వచ్చుచుండగా, ఒకటి మాత్రమే ఆగుటకు కారణము ముందుగా మరియొక చోట వెదకుట న్యాయము.

రెండవ పరీక్ష కంప్రెషను. రెండు ప్లగ్గులను తీసి, ఒత్తిడిని కొలుచు గేజిని ఒక్కొక్క సిలిండరుకు బిగించి, త్రాడును పలుమార్లు లాగవలెను. రెండింటి కొలతలకు నడుమ తేడా పది, పదిహేను శాతము మించరాదు. మించినచో రింగులు అరిగియుండవచ్చును, లేదా గాస్కెట్టు పోయియుండవచ్చును; అప్పుడు తక్కిన సవరణలన్నియు వ్యర్థము. ఈ మోటారున రెండును ఇంచుమించు సమానముగా నుండెను.

మూడవది ప్లగ్గు. దాని మొన బిస్కత్తు రంగున నుండినచో ఆరోగ్యము. నల్లగా తడిసియుండినచో మిశ్రమము చిక్కనైనదనియో, నిప్పురవ్వ సరిగా పడుటలేదనియో భావింపవలెను. తెల్లగా కాలియుండినచో మిశ్రమము పలుచనై ఇంజను అతిగా వేడెక్కుచున్నదని శంకింపవలెను. మా క్రింది ప్లగ్గు తడిసియుండెను. దానిని పై ప్లగ్గుతో మార్చి చూచితిమి; లోపము ప్లగ్గుతో పైకి పోక, క్రిందనే నిలిచెను. కావున ప్లగ్గు నిర్దోషి.

నాలుగవది నిప్పురవ్వ. సుమారు 6 మిల్లీమీటర్ల ఎడమును అది దాటవలెను. ఈ పరీక్షను పెట్రోలు ఆవిరికి దూరముగా చేయుట ముఖ్యము. పై తీగ రవ్వ నీలముగా దూకెను. క్రింది తీగ రవ్వ బలహీనమై, కొన్ని మారులు కనబడనే లేదు. ఈ మోటారుకు బ్యాటరీ లేదు. తిరుగు ఫ్లైవీలులోని అయస్కాంతము కాయిలులో విద్యుత్తును పుట్టించును. పాయింట్లు తెరచుకొను క్షణమున రవ్వ పుట్టును. వేగము పెరిగినకొలది విద్యుత్తు బలము పెరుగును. అందువలననే ఆ సిలిండరు వేగమున పనిచేసి, నెమ్మదిలో మూగపోవుచుండెను. ఫ్లైవీలును సుత్తితో కొట్టక, పుల్లరుతో తీసి చూడగా, ఒక జత పాయింట్లపై సన్నని మసకపొర కట్టియుండెను. దానిని శుభ్రపరచి, ఎడమును అంగుళములో వెయ్యింట 20 వంతులకు, అనగా అర మిల్లీమీటరుకు సరిచేయగా మోటారు నెమ్మదిగా, నిలుకడగా నడచెను. ఖర్చు ఒక గరుకు కాగితపు ముక్క మాత్రమే. అప్పటికిని రవ్వ బలహీనముగనే యుండినచో కండెన్సరును, కాయిలును పరీక్షించి యుందుము. ఆనాటి కాయిళ్లపై పూత బీటలు వారుట సామాన్యము.

ఇవన్నియు సరిగానుండిన పిదపనే కార్బొరేటరు వంతు వచ్చును. నిలువయున్న పెట్రోలు జిగురై సన్నని జెట్లను మూయును. నేడు మన దేశమున అమ్ము పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలదు. అది తేమను పీల్చును. పాత రబ్బరు గొట్టములను మెత్తబరచును. మరియొక చిత్రము: పాత కార్బొరేటర్లలో బెండుతో చేసిన తేలుడు బిళ్లకు లక్క పూత పూసెడివారు. చార్మినారు చెంత లాడ్ బజారులో గాజులు చేయు ఆ లక్కయే ఇది. లక్క ఇథనాలులో కరగును. పూత పోయిన బెండు పెట్రోలును పీల్చి బరువై మునుగగా, కార్బొరేటరు పొంగిపొరలును.

మిశ్రమము పలుచనైనప్పుడు ఇంజను కార్బొరేటరు గుండా తుమ్మినట్లు చప్పుడు చేయును. ప్రయాణమునకు ముందు తుమ్ము వినబడినచో మన పెద్దలు కొంత సేపు ఆగుదురు. ఈ తుమ్ము విన్నప్పుడు తప్పక ఆగవలెను. పెట్రోలుతోపాటు నూనెయు తగ్గినందున పిస్టను వేడెక్కి సిలిండరులో బిగిసిపోవు ప్రమాదము కలదు. సూదిమరను ఎనిమిదవ వంతు చుట్టు చొప్పున మాత్రమే త్రిప్పి, ప్రతి మారు కొన్ని క్షణములు వేచి ఫలితము చూడవలెను.

విద్యార్థి సోదర సోదరీమణులు గమనింపవలసినది ఒకటి కలదు. మా మిత్రుని వ్యయమునకు కారణము అజ్ఞానము కాదు. ఆయన తలపు సహేతుకమే. కాని ఆ తలపును పరీక్షింపకయే పనిముట్టు పట్టెను. ఒక్కసారికి ఒక్క మార్పు చేయుట, చేసినదానిని కాగితముపై వ్రాసికొనుట, సులభమైన పరీక్షను ముందుంచుట: మన ప్రయోగశాలలో నేర్పునదియు, మంచి ఉస్తాదు తన శిష్యునకు చెప్పునదియు ఇదియే.

ఎంత బాగుచేసిన పాత మోటారైనను యంత్రమే. అందుచేత దానిని మా మిత్రునకు తిరిగి ఇచ్చునప్పుడు రెండు క్రొత్త ప్లగ్గులు, ప్లగ్గు పానా, ప్రొపెల్లరుకు అదనపు పిన్ను ఒక సంచిలో కట్టి యిచ్చితిమి. పడవలో తెడ్లు లేకుండ మొగ దాటవలదని కోరితిమి.