చైనా ఫక్కీ కోడికూర, ఇంటి పొయ్యి మీద

వరంగల్లు వీధులలో సాయంకాలము కాగానే ఫాస్ట్‌ఫుడ్ బండ్లపై పెద్దమంట మీద ఇనుప మూకుళ్లు మ్రోగును. కలకత్తాలో స్థిరపడిన చైనీయుల వంటశాలలనుండి మనదేశమున వ్యాపించిన పాకమిది.

ఇంట వండినపుడు ముక్కలు వేగక నీరూరి మెత్తబడుటకు కారణమేమి? కూరగాయలలో నూటికి సుమారు 90 పాళ్లు నీరే. ఒక్కసారిగా మూకుడు నింపినచో పొయ్యి వేడి యంతయు ఆ నీటిని ఆవిరిచేయుటకే వ్యయమగును. తడి ఉన్నంతవరకు ముక్కల వేడి 100 డిగ్రీలు దాటదు. ఎఱ్ఱగా వేగినప్పటి కమ్మదనము రాదు. కావున చిన్న పొయ్యికి చిన్న వాయలే తగును.

పావుకిలో ఎముకలేని కోడిమాంసమును పలుచగా తరిగి, ఒక గ్రుడ్డు తెల్లసొన, రెండు చెంచాల కార్న్‌ఫ్లోరు, చెంచాడు సోయాసాసు పట్టించి అరగంట ఉంచవలెను. ఈ పూత మాంసరసమును లోననే నిలుపును. మూకుడు బాగుగా కాగిన పిదప నూనె పోసి, రెండు వాయలుగా, లోపలి ఎరుపు పూర్తిగా పోవువరకు వేయించి తీయవలెను.

పిమ్మట అల్లము, వెల్లుల్లి. ఆపై తడియారిన క్యారట్టు, బీన్సు. చివరకు క్యాబేజీ, క్యాప్సికం. గట్టివి ముందు, మెత్తనివి వెనుక. మాంసమును మరల చేర్చి, అరకప్పు నీటిలో చెంచాడు కార్న్‌ఫ్లోరు కలిపి పోసినచో నిమిషములో రసము చిక్కబడి నిగనిగలాడును. సోయాసాసులోనే ఉప్పు గలదు. రుచి చూచిన తరువాతనే ఉప్పు వేయవలెను.

ఇంటిల్లిపాదికి ఒకేసారి వండివేయవలెనను తొందరయే ఈ వంటకు శత్రువు.