పరుగు - విరామము

పగటివేళ హైదరాబాదులోని కోఠిలో పరుగెత్తుట యటుండనిచ్చి, నడచుటయే ప్రయాసము. సుల్తాన్‌బజారు, బడీచౌడీ వీధులు కొనువారితోను అమ్మువారితోను క్రిక్కిఱిసి యుండును. పాతపుస్తకముల అంగళ్లముందు విద్యార్థులు గుమిగూడుదురు. బస్సులకును ఆటోలకును త్రోవ చాలదు. అందుచే పరుగునందు అభిలాష గలవారు తెల్లవాఱకముందే లేచి, ఆబిడ్సు మీదుగా నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్సునకు పోవుదురు. అచ్చట చెట్లనడుమ నడచువారును, మెల్లగా పరుగెత్తువారును ప్రతిదినము కానవత్తురు. వీరు పతకములకై పాటుపడు క్రీడాకారులు కారు. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వర్తకులు, గృహిణులు. ఒకరికి ఆరోగ్యము కావలయును. మఱియొకరికి ఆ గంటసేపు తమ్మెవరును పిలువకుండుటయే సుఖము.

ఇట్టివారిలో నలువదియైదేండ్ల పుస్తకవర్తకు నొకని నూహింపుడు. రక్తమున చక్కెర పెరుగుచున్నదని వైద్యుడు హెచ్చరింపగా అతడు పరుగు మొదలిడెను. రెండేండ్లకు 10 కిలోమీటర్లు 65 నిమిషములలో పరుగెత్తగలవాడయ్యెను. చక్కెరయు అదుపులోనికి వచ్చెను. ఆగస్టుమాసమున జరుగు హైదరాబాదు మారథానులో 10 కిలోమీటర్ల పరుగును 60 నిమిషములలో ముగింపవలెనని ఆతని కోరిక. కాని ఎన్నిదినములు పరుగెత్తినను వేగము పెరుగలేదు. “వేగముగా పరుగెత్తనివానికి వేగమెట్లు వచ్చునండీ?” అని మిత్రులు పరిహసించిరి. అంతట నతడు మైదానమునకు పోయి 400 మీటర్ల చుట్టును మరల మరల పరుగెత్తసాగెను. మొదటిచుట్టు 1 నిమిషము 50 సెకనులు. రెండవది 2 నిమిషముల 5 సెకనులు. నాల్గవది 2 నిమిషముల 40 సెకనులు. ఐదవచుట్టులో కడుపు త్రిప్పి కూలబడెను. వారమునకు మూడుమారులు ఇట్లే చేయగా, నెల తిరుగకముందే మడమవెనుకనుండు స్నాయువు వాచెను. ఇట్టివాడు నొప్పికి వెఱచి పరుగు మానుకొన్నచో, తగ్గిన చక్కెర మరల పెరుగును. ఆ నష్టము చిన్నది కాదు.

ఆతడెందులకు విఫలుడయ్యెనో తెలియవలెనన్న, కండరము పనిచేయు విధము నెఱుగవలెను. మెల్లగా పరుగెత్తునపుడు శరీరము ప్రాణవాయువు సాయమున చక్కెరను, క్రొవ్వును దహించి శక్తిని పొందును. ఈ పద్ధతిని చాలసేపు సాగవచ్చును. వేగము ఒక హద్దు దాటినపుడు ఆ శక్తి చాలదు. అప్పుడు కండరము ప్రాణవాయువుతో పనిలేకయే చక్కెరను విఱిచి మిగిలిన శక్తిని త్వరత్వరగా పుట్టించును. దీనివలన లాక్టేటు అను పదార్థము రక్తమున పేరుకొనును. అలసటకు కారణమైన విషమిదియేయని శాస్త్రజ్ఞులు చాలకాలము తలంచిరి. నేడా యభిప్రాయము మారినది. లాక్టేటును గుండెయు, ఇతర కండరములును ఇంధనముగ వాడుకొనును. కండరమున ఆమ్లగుణము హెచ్చుట మొదలగు ఇతర మార్పులవలన కాళ్లు బరువెక్కును. వేగాభ్యాసముయొక్క ముఖ్యప్రయోజనము ఆ హద్దును కొంచెము కొంచెముగా పైకి జరుపుట. పుస్తకవర్తకుడు హద్దునకు మిక్కిలి పైకి లంఘించి, అచ్చట నిలువజాలక పడెను.

జర్మనీలోని ఫ్రైబుర్గు నగరమందు వోల్డెమార్ గెర్ష్‌లర్ అను శిక్షకుడును, హెర్బర్ట్ రైండెల్ అను వైద్యుడును ఈ యభ్యాసమును నాడితో కొలిచిరి. యువకుడైన క్రీడాకారుడు పరుగెత్తినపుడు నాడి నిమిషమునకు 180 వఱకు పెరుగును. పిమ్మట విరామము. 90 సెకనులలోపల నాడి 120కి దిగవలెను. దిగనిచో పరుగు మితిమీఱినదని యర్థము. గుండె బలపడునది ఆ విరామమునందే యని వారి విశ్వాసము. అందుచేతనే దీనికి విరామాభ్యాసమని పేరు వచ్చెను. పేరు పరుగునకు గాక విరామమునకు దక్కుట విచిత్రము! గెర్ష్‌లర్ శిష్యుడైన రుడోల్ఫ్ హార్బిగ్ 1939లో మిలాన్ నగరమున 800 మీటర్లను 1 నిమిషము 46.6 సెకనులలో పరుగెత్తెను. ఆ రికార్డు పదునాఱేండ్లు చెక్కుచెదరలేదు.

వేగము పెరుగక దిగులుపడిన వారిలో ప్రపంచప్రసిద్ధులును కలరు. ఇంగ్లండులో రోజర్ బానిస్టర్ వైద్యవిద్యార్థి. చదువునడుమ మధ్యాహ్నమున దొరకిన కొద్దిసమయమే ఆయన అభ్యాసమునకు మిగిలెడిది. ఒక మైలును 4 నిమిషములలోపల పరుగెత్తుట మానవసాధ్యము కాదని పలువురు తలంచు దినములవి. పావుమైలును పదిమారులు, నడుమ రెండేసి నిమిషముల విరామముతో ఆయన పరుగెత్తెడివాడు. 1954 ఏప్రిలు నాటికి ఒక్కొక్క పావుమైలునకు 61 సెకనులు పట్టుచుండెను. అంతకు తగ్గింప నెంత యత్నించినను సాధ్యపడలేదు. అపుడు బానిస్టరును, మిత్రుడగు క్రిస్ బ్రాషరును పరుగు మాని స్కాట్లండులో కొండలెక్కుటకు పోయిరి. తిరిగివచ్చిన కొలదిదినములకే బానిస్టర్ పావుమైలును 59 సెకనులలో పరుగెత్తగలిగెను! 1954 మే 6వ తేదీన ఆక్స్‌ఫర్డులో 3 నిమిషముల 59.4 సెకనులలో మైలు ముగించెను. అభ్యాసమున అలసిన దేహము విశ్రాంతిలో తన్నుతాను మరమ్మతు చేసికొని, మునుపటికంటె దృఢమగును. విశ్రాంతి నీయనిచో మరమ్మతు సాగక, క్రొత్త దెబ్బలు మాత్రమే మీదబడును.

కోఠికి సమీపముననే, సికిందరాబాదులో, దీనికి భిన్నముగ దోచు కథ యొకటి కలదు. మిల్ఖాసింగు సైన్యమున చేరి అచ్చటి ఇ.ఎం.ఇ. కేంద్రమున నుండగా, దూరపుపరుగు పోటీలో ఆఱవవాడుగ వచ్చి శిక్షణకు ఎన్నికయ్యెను. 1960 రోము ఒలింపిక్సులో 400 మీటర్ల పరుగున నాల్గవస్థానము నందెను. సాధనలో రక్తము గ్రక్కి సొమ్మసిల్లిన దినములు కలవని ఆయనయే చెప్పెను. దీనినిబట్టి కఠోరశ్రమయే చాలునని కొందఱు భ్రమపడుదురు. ఆయన యువకుడైన సైనికుడు. పరుగే ఆయన ఉద్యోగము. దినమంతయు అంగడిలో నిలువబడి పుస్తకములకట్టలు మోయు గృహస్థున కది కొలమానము కాజాలదు.

పుస్తకవర్తకుని కోరిక మాత్రము అసాధ్యము కాదు. వాపు తగ్గిన పిమ్మట వారమున కొకమారు, చుట్టునకు 2 నిమిషముల 20 సెకనుల చొప్పున నాలుగుచుట్లతో మొదలిడిన చాలును. చుట్టునకు చుట్టునకు నడుమ రెండు నిమిషములు మెల్లగా నడువవలెను. కడపటి చుట్టు మొదటిదానితో సమానముగ నుండినపుడే మఱొకచుట్టు చేర్చవలెను. మిగిలిన దినములలో తోడివానితో నిండువాక్యము పలుకగలిగినంత మెల్లగా పరుగెత్తవలెను. ఇది సోమరితనము కాదు. మేటి దూరపుపరుగువారి అభ్యాసమును పరిశీలించిన స్టీఫెన్ సీలర్ అను శాస్త్రజ్ఞుడు, అందులో సుమారు నూటికి 80 పాళ్లు మెల్లని పరుగే యని కనుగొనెను. మన అభ్యాసకులు పెక్కుమంది మెల్లనిదినమున వేగముగాను, ఆ యలసటచే వేగముదినమున మెల్లగాను పరుగెత్తుదురు. పైగా గుండెయు కండరములును కొలదివారములలో బలపడినను, స్నాయువులకు నెలలు పట్టును. ఊపిరి సరిపోవుచున్నది గదా యని తొందరపడువానికి మడమ యడ్డుతగులుట ఇందువలననే.

ఎండకాలమున మఱియొక చిక్కు కలదు. దేహము చల్లబడుటకై రక్తము చర్మమువైపునకు ప్రవహించును. కండరములకు కొఱత పడును. అందుచే డిసెంబరులో సులభమైన వేగమే మేనెలలో గుండెను బాదించును. ఆగస్టున ఎండ తగ్గినను గాలిలో తేమ హెచ్చగుటచే చెమట త్వరగా ఆఱదు. హైదరాబాదు నేల మిట్టపల్లములది; దానికితోడు మారథానుత్రోవలో వంతెనలు ఎక్కి దిగవలసియుండును. ఎక్కునపుడు గడియారమును చూడక, శ్వాస నొక్కతీరున నిలుపుకొనవలెను. అచ్చట పోయిన సెకనులలో కొన్ని దిగునపుడు తిరిగి లభించును.