పాత లౌడుస్పీకరులో క్రాసోవరు - మార్చవలసినది ఎంత?

రికార్డు ప్లేయరులతోను, క్యాసెట్టు డెక్కులతోను పాటు 1970, 80 దశకములలో మన ఇండ్లలోనికి వచ్చిన చెక్కపెట్టెల లౌడుస్పీకరులు గుంటూరు, ఒంగోలు ప్రాంతములలో కొన్నిచోట్ల ఇంకను పాడుచునే ఉన్నవి. కాని ఘంటసాల పద్యము పెట్టినప్పుడు మాట మసకబారినట్లుండును. తాళపు గలగల వినబడదు. స్పీకరు పని అయిపోయినదని కొందరు దానిని పాత సామానులవానికి ఇచ్చివేయుదురు. మరికొందరు ఖరీదైన భాగములు తెప్పించి లోపలి వలయమునంతటిని మార్చివేయుదురు. రెండును తొందరపాటు పనులే. దోషము పెక్కుసార్లు కొద్ది ఖరీదుగల ఒక్క భాగములో ఉండును. దానిని పట్టుకొనుటకు ఇంటర్మీడియటు భౌతికశాస్త్రము చాలును.

మానవుని చెవి సుమారు 20 హెర్ట్జ్‌ల నుండి 20,000 హెర్ట్జ్‌ల వరకు గల ధ్వనులను వినగలదు. 1925లో రైస్, కెల్లాగ్ అను ఇంజనీర్లు నేటి లౌడుస్పీకరులకు మాతృకయైన సాధనమును వివరించిరి. అయస్కాంత క్షేత్రములో వ్రేలాడు తీగచుట్ట కదలి, దానికి అతికిన కాగితపు శంకువును కదలించును. మృదంగపు లోతైన మ్రోత పుట్టించుటకు ఎక్కువ గాలిని నెట్టవలెను. అందుకు పెద్ద శంకువు కావలెను. ఆ పెద్ద శంకువు బరువైనది గనుక సెకనుకు పదివేలసార్లు కంపింపజాలదు. అందుచేత హెచ్చు పౌనఃపున్యములకు వేరొక చిన్న స్పీకరును అమర్చుదురు. పెద్దదానిని వూఫరు అనియు, చిన్నదానిని ట్వీటరు అనియు అందురు.

ఆంప్లిఫయరు నుండి వచ్చు విద్యుత్తులో అన్ని పౌనఃపున్యములును కలిసియుండును. వానిని విడదీసి, ఎవరి పాలు వారికి పంపు వలయమే క్రాసోవరు. మన జిన్నింగు మిల్లు పత్తిని దూదిగాను, గింజగాను వేరుచేయుటను చూచినవారికి దీని పని సులభముగ బోధపడును. అయితే ఒక భేదము కలదు. మిల్లు దూదిని, గింజను ఖచ్చితముగ వేరుచేయును. క్రాసోవరు ఒక హద్దు దగ్గర క్రమక్రమముగ తగ్గించును. ఒకే భాగము గల వలయములో హద్దు దాటిన తరువాత పౌనఃపున్యము రెట్టింపైనపుడెల్ల ధ్వని 6 డెసిబెల్‌లు తగ్గును. రెండు భాగములున్నచో 12 డెసిబెల్‌లు తగ్గును. ఇట్టి వడపోత వలయములు మొదట టెలిఫోను తంతుల కొరకు పుట్టినవి. అమెరికాలో జార్జి కాంబెల్ 1917లో వీనికి పేటెంటు పొందెను.

ఇందలి సూత్రము తరగతిలో చెప్పునదే. కెపాసిటరు, అనగా మన రిపేరు షాపులవారు కండెన్సరు అనునది, తక్కువ పౌనఃపున్యములను అడ్డగించి ఎక్కువవానిని పోనిచ్చును. తీగచుట్ట ఇందుకు విరుద్ధముగ పనిచేయును. కనుక ట్వీటరుకు ముందు కెపాసిటరును, వూఫరుకు ముందు తీగచుట్టను ఉంచుదురు. ట్వీటరు నిరోధము 8 ఓములు, కెపాసిటరు విలువ 4.7 మైక్రోఫారడులు అనుకొందము. రెండింటి అడ్డగింపు సమానమగు పౌనఃపున్యమే హద్దు. 1ని 2π, నిరోధము, కెపాసిటీల లబ్ధముచే భాగించిన సుమారు 4,230 హెర్ట్జ్‌లు వచ్చును. అదే హద్దుకు వూఫరువైపు 0.3 మిల్లీహెన్రీల తీగచుట్ట కావలెను.

ఇక ముసలితనము ఎక్కడ వచ్చునో చూతము. రాగితీగ చుట్ట ఏండ్లు గడిచినను మారదు. కాని ఆనాటి పెట్టెలలో ఖర్చు తగ్గించుటకై తరచుగ ధ్రువరహిత ఎలెక్ట్రోలిటిక్ కెపాసిటరులను వాడిరి. వీనిలో అల్యూమినియము రేకుల నడుమ విద్యుద్విశ్లేష్య ద్రవముతో తడిసిన కాగితముండును. ఆ ద్రవము మెల్లగ ఆరిపోవును. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగిన ఇట్టి కెపాసిటరు ఆయువు సుమారు సగమగునని ఇంజనీర్ల అంచనా. వేసవి ఎండలకు పేరుపడిన రెంటచింతల (2022 నుండి పల్నాడు జిల్లాలోనిది) వంటి చోట, రేకుల కప్పు క్రింది గదిలో పెట్టె ఎంత వేడెక్కునో చెప్పనక్కరలేదు.

ద్రవము ఆరినకొలది కెపాసిటీ తగ్గును. లోపలి నిరోధము పెరుగును. పై ఉదాహరణలో కెపాసిటీ సగమైనచో ట్వీటరు హద్దు 8,460 హెర్ట్జ్‌లకు ఎగబ్రాకును. వూఫరు మాత్రము 4,230 వద్దనే తగ్గుట మొదలిడును. నడుమ పాలు ఎవరికిని సరిగా చెందవు. శ, ష, స అను ఊష్మాక్షరముల బలమెల్ల చాలవరకు ఆ ప్రాంతముననే ఉండుటచే పద్యములో మాట మసకబారును.

అయినను విప్పుటకు ముందు ఇతర కారణములను చూడవలెను. శంకువు చుట్టునుండు నురుగు పట్టీ తేమకు పొడియైనదేమో, ట్వీటరు తీగ తెగినదేమో మల్టీమీటరుతో పరీక్షింపవలెను. అవి బాగున్నచో, ఆంప్లిఫయరును ఆపి, తీగల రంగులను వ్రాసికొని, కెపాసిటరు కాలు ఒకటి ఊడదీసి కొలువవలెను. ఊడదీయకున్న ప్రక్క భాగములు కొలతను తప్పుదారి పట్టించును. కొలత అచ్చువేసిన విలువకు 20 శాతము కంటె ఎక్కువ తేడాగా ఉన్నచో మార్చుట న్యాయము.

మార్చునప్పుడు అదే విలువగల ప్లాస్టిక్ ఫిల్ము కెపాసిటరును వేయుట మేలు. దానిలో ఆరిపోవు ద్రవము లేదు. సరియైన విలువ దొరకనిచో 2.2, 2.2, 0.33 మైక్రోఫారడులను సమాంతరముగ కలిపిన 4.73 వచ్చును. సాధారణ ధ్రువములు గల కెపాసిటరును మాత్రము వేయరాదు. ఇచ్చట ప్రవహించునది ఏకాంతర విద్యుత్తు. 8 ఓముల స్పీకరుకు 30 వాట్లు ఇచ్చు ఆంప్లిఫయరు గరిష్ఠ వోల్టేజి 22 మాత్రమే గనుక 100 వోల్టుల కెపాసిటరు ధారాళముగ చాలును.

ఇంతకు మించిన సంస్కరణలలో అపాయము కలదు. స్పీకరు నిరోధము 8 ఓములని పైన వ్రాసియున్నను, నిజమున అది పౌనఃపున్యమును బట్టి మారుచుండును. నిర్మాత సూత్రముతో మొదలిడి, కొలతలతోను, చెవితోను దిద్ది విలువలను స్థిరపరచియుండును. మనము కాగితముపై మరల లెక్కించి విలువలు మార్చినచో ఆ దిద్దుబాటు చెడును. కొన్ని పెట్టెలలో ట్వీటరు తీగలు తారుమారుగ ఉండును. అది పొరపాటు కాకపోవచ్చును. రెండు భాగముల వలయములో హద్దు వద్ద ఏర్పడు దశాభేదమును సవరించుటకు అట్లు చేయుదురు. అట్లే ఫిల్ము కెపాసిటరు లోపలి నిరోధము తక్కువ గనుక ట్వీటరు కొంచెము కీచుమన్నచో, శ్రేణిలో అర ఓము నిరోధమును చేర్చిన పాత స్వరము తిరిగి వచ్చును.

ఫలితమును తేల్చుటకు తరగతిలోనే ఒక పరీక్ష చేయవచ్చును. జతలో ఒక పెట్టెకు మాత్రమే కెపాసిటరును మార్చి, రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచి, ఒకే పాటను ఒకదాని తరువాత ఒకటిగా వినిపింపుడు. ఏది మార్చినదో విద్యార్థులకు చెప్పకుడు. శ, ష, స లున్న మాటలు ఏ పెట్టెలో స్పష్టముగ ఉన్నవో ఇరువదిసార్లు వ్రాయించి లెక్కింపుడు. అటుపిమ్మట వెల నాలుగింతలున్న కెపాసిటరును వేసి అదే పరీక్ష జరుపుడు. విలువ సమానమైనప్పుడు వెలతో వచ్చు తేడా ఎంతో ఆ అంకెలే చెప్పును. క్రొత్త వస్తువు బాగున్నదని చెవి సులభముగ నమ్మును. దాని సాక్ష్యమును కూడ పరీక్షించుటయే శాస్త్రపద్ధతి.

కనుక పాత పెట్టెను పారవేయుటకును, దాని స్వభావమునే మార్చుటకును ముందు కొలతబద్ద పట్టుడు. ఆరిన దానిని మార్చుడు, ఆరని దానిని అట్లే ఉండనిండు.