అంతర్జాబితాలపై ప్రమేయముల పునరావర్తనము

“రాజపురుషపుత్రుడు” అను పదమునకు విగ్రహము చెప్పువాడు మొదట “రాజపురుషుని పుత్రుడు” అని విడదీయును. లోపలి “రాజపురుషుడు” కూడ సమాసమే కావున ఆ విధినే మరల ప్రయోగించి “రాజు యొక్క పురుషుడు” అని చెప్పును. సమాసము కాని పదము రాగానే ఆగును. ఒక ప్రమేయము తన పనిలో భాగముగా తననే తాను పిలుచుకొనుటను గణకయంత్ర భాషలలో పునరావర్తనమందురు.

విలువలను వరుసగా కూర్చినది జాబితా. అందొక సభ్యుని స్థానమున మరియొక జాబితా ఉన్నచో అది అంతర్జాబితా. 1958లో జాన్ మెకార్తీ రూపకల్పన ప్రారంభించిన లిస్ప్ భాషకు జాబితాయే ఆధారము.

2016లో మండలముగా ఏర్పడిన నిజామాబాదు జిల్లా ఏర్గట్ల పసుపు పండు సీమ. అచ్చటి రైతొకడు మూడు చేలలోని పసుపు బస్తాల తూకములను కిలోలలో ఇట్లు వ్రాసెననుకొందము:

[62, [58, 60], [61, [59, 57]]]

మొదటి చేనికి ఒకే బస్తా. రెండవ చేనిలో రెండు మళ్లు, మడికొక బస్తా. మూడవ చేనిలో ఒక మడికి ఒకటి, వేరొక మడికి రెండు. గోనెసంచి బరువు బస్తాకు కిలో చొప్పున తీసివేయవలెను. బయటి వరుసను మాత్రమే చూచు ప్రమేయమునకు సంఖ్యగా దొరకునది 62 ఒక్కటే. రెండు అంతస్తులు చూచునట్లు వ్రాసినను 59, 57 మిగిలిపోవును. రైతు లెక్క తప్పును. కావున విధిని ఇట్లు చెప్పవలెను:

1. సభ్యము సంఖ్య అయినచో ఒకటి తీసివేయవలెను.
2. జాబితా అయినచో దాని ప్రతి సభ్యముపై ఈ ప్రమేయమునే ప్రయోగించి, ఫలితములను మరల జాబితాగా కూర్చవలెను.

అప్పుడు [61, [57, 59], [60, [58, 56]]] వచ్చును. చేలు, మళ్ల విభాగము చెదరలేదు. మొత్తము కావలసినచో రెండవ విధిలో కూర్చుటకు బదులు కూడవలెను. శూన్యజాబితా మొత్తము సున్న. అట్లు 357 కిలోలు 351 అగును.

మొదటి విధి లేనిచో ప్రమేయమునకు ఆగుచోటు లేదు. జాబితా తనను తానే సభ్యముగా కలిగియున్నను అంతే. నైయాయికులు అనవస్థయని దోషముగా చెప్పినది ఇదియే.

పింగళుని ఛందశ్శాస్త్రము ఎనిమిదవ అధ్యాయమందలి వృత్తసంఖ్యా గణనము ఈ తీరునకు చేరువ. అక్షరసంఖ్య సరి అయినచో సగము చేయవలెను, బేసి అయినచో ఒకటి తగ్గింపవలెను. సున్న వచ్చువరకు ఇదే క్రమము. ఆరు అక్షరముల పాదమునకు 6, 3, 2, 1, 0 వచ్చును. ఆపై ఒకటితో మొదలిడి వెనుకకు మరలుచు, తగ్గించినచోట రెట్టింపును, సగము చేసినచోట వర్గమును చేయగా 1, 2, 4, 8, 64 అగును. గాయత్రీ ఛందమున వృత్తములు అరువది నాలుగు.

సమాసమున ఎన్ని పదములున్నను విగ్రహవిధి మారదు. అట్లే జాబితా ఎంత లోతైనను, ఆ లోతు ముందుగా తెలియకున్నను, పై రెండు విధులే చాలును.