కీలెరిగి వాత

"కీలెరిగి వాత పెట్టాలి" అన్నారు పెద్దలు. కీళ్ళ నొప్పికి కాల్చిన కడ్డీతో వాతలు పెట్టిన రోజులవి. వాతలు పోయి సూదులూ, మాత్రలూ వచ్చాయి. కాని కీలును ఎరగడం మాత్రం మనకింకా అలవాటు కాలేదు. మోకాలు నొప్పి అనగానే ఇంట్లోవాళ్ళు చెప్పే మొదటి మాట: "కదలకు, ఇంకా అరిగిపోతుంది!" ఈ మాట నమ్మి మంచం పట్టినవాళ్ళు ఎందరో! కీలు ఎలా పనిచేస్తుందో తెలిస్తే మీరు మళ్ళీ ఆ మాట అనరు.

పెద్దవాళ్ళ శరీరంలో 206 ఎముకలుంటాయి. రెండు ఎముకలు కలిసే చోటే కీలు. ఇందులో రకాలు తెలుసుకోవడానికి పుస్తకం తెరవనక్కరలేదు. పనిచేసే మనిషిని చూస్తే చాలు. పాత వరంగల్ జిల్లానుంచి 2016లో వేరుపడిన మూడు జిల్లాలకు వెళ్ళి చూద్దాం.

జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి రేకు మీద నగిషీ చెక్కే పనివాణ్ణి చూడండి. అతని సుత్తిని ఎత్తేది భుజం. అక్కడున్నది బంతిగిన్నె కీలు. చేతి ఎముక కొన బంతిలా ఉండి, రెక్క ఎముకలోని గిన్నెలో తిరుగుతుంది. ఈ గిన్నెకు లోతు తక్కువ. అందుకే చెయ్యి అన్నివైపులా తిరుగుతుంది, అందుకే భుజం తేలిగ్గా తొలగుతుంది కూడా. తుంటి కీలూ ఇదే రకం, కాని గిన్నె లోతు ఎక్కువ. మన బరువు మోయాలి కదా!

మహబూబాబాద్ వైపు మిరపచేలో కాయ ఏరే అమ్మను చూడండి. ఎన్నిసార్లు కూర్చుంటుందో, ఎన్నిసార్లు లేస్తుందో! ఆమె మోకాలు తలుపు బందు లాంటిది. ముఖ్యంగా ముందుకూ వెనక్కూ మాత్రమే మడుస్తుంది. దీన్ని మడతబందు కీలు అంటారు.

భూపాలపల్లి బొగ్గుబాయిలో దిగే కార్మికుడికి టోపీ మీదే దీపం. ఎటు చూడాలంటే అటు తల తిప్పాలి. ఆ పని చేసేది మెడలో మొదటి రెండు వెన్నుపూసల మధ్య ఉన్న బొంగరపు కీలు. "ఊహూ, నాకొద్దు" అని మీరు తల అడ్డంగా తిప్పేదీ దీనితోనే!

ఇక లోపలికి తొంగిచూద్దాం. ఎముకల కొసలమీద నున్నటి మెత్తని పొర ఉంటుంది. దాన్ని మృదులాస్థి అంటారు. కీలు చుట్టూ ఒక సంచి, ఆ సంచిలో గుడ్డు తెల్లసొనలాంటి జిగురు ద్రవం. అంత పెద్ద మోకాలిలోనూ ఈ ద్రవం మామూలుగా చెంచాడు కూడా ఉండదు.

అసలు విశేషం ఇప్పుడు వినండి. మృదులాస్థిలో రక్తనాళాలు లేవు! మరి దానికి తిండి ఎలా అందుతుంది? చాలావరకు ఆ ద్రవం నుంచే. అడుగు వేసినప్పుడు పొర స్పాంజిలా నొక్కుకుని పాత ద్రవాన్ని వదులుతుంది. కాలు ఎత్తినప్పుడు కొత్త ద్రవాన్ని పీల్చుకుంటుంది. అంటే, కదలికే కీలుకు తిండి. తలుపు బందు వాడితే అరుగుతుంది. మన కీలు వాడకపోతే పస్తుంటుంది. పైగా మంచాన పడితే తొడ కండరాలు చిక్కిపోతాయి, భారమంతా మోకాలి మీదే పడుతుంది.

అలాగని నొప్పిని పళ్ళబిగువున ఓర్చుకొని గంటల తరబడి గొంతుక్కూర్చోమని కాదు. మోతాదు తెలియాలి. నేలమీద కూర్చుని చేసే పనిని పీట మీదకో, బల్ల మీదకో మార్చండి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. లావుగా ఉన్నవారు ఒక్క కిలో తగ్గినా అడుగడుగుకీ మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది.

ఇంట్లోనే చేసుకోగల వ్యాయామం ఒకటి చెబుతాను. కుర్చీలో నిటారుగా కూర్చుని ఒక కాలు నేరుగా చాపండి. అయిదు లెక్కపెట్టి మెల్లగా దించండి. ఇలా ఒక్కొక్క కాలికి పదిసార్లు, ఉదయం, సాయంత్రం. తొడ కండరం గట్టిపడితే మోకాలికి ఊతకర్ర దొరికినట్టే. వారం రోజులకే ఫలితం లేదని మానేయకండి, కొన్ని నెలలు పడుతుంది.

వేళ్ళు విరిస్తే టకటక మంటాయని భయపడకండి. అది ద్రవంలో పుట్టే గాలిబుడగల చప్పుడు. నొప్పీ వాపూ లేకపోతే దానివల్ల హాని లేదు.

కాని కొన్నింటికి ఆలస్యం పనికిరాదు. కీలు ఎర్రగా వాచి, వేడెక్కి, జ్వరం కూడా ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. జ్వరంతో ఉన్న పసిపిల్ల కాలో చెయ్యో కదపక ఏడుస్తున్నా అంతే. లోపల చీము పట్టి ఉండవచ్చు, ఒక్కరోజు ఆలస్యమైనా కీలు శాశ్వతంగా పాడుకావచ్చు. పొద్దున లేవగానే రెండు చేతుల వేళ్ళూ బిగుసుకుపోయి, అరగంట దాటినా సడలకుండా, ఇలా వారాల తరబడి ఉంటే అది వయసు అరుగుదల కాకపోవచ్చు. కీళ్ళవాతం కావచ్చు. త్వరగా మందు మొదలుపెడితే వేళ్ళు వంకరపోకుండా చాలావరకు కాపాడుకోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైన హెచ్చరిక: పేరు తెలియని పొడులు, "ఒక్క సూదితో నొప్పి మాయం" అనే ఇంజక్షన్లు వద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే, పదేపదే వాడినకొద్దీ ఎముకలు గుల్లబారతాయి, రక్తంలో చక్కెర పెరుగుతుంది. నొప్పి మాత్రలు నెలల తరబడి సొంతంగా మింగితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. సూది వేయించుకునేముందు అక్కడి ఆసుపత్రిలో ఒకసారి చూపించుకోండి.

కీలెరిగి వైద్యం చేయవలసింది డాక్టరు. కీలెరిగి నడుచుకోవలసింది మాత్రం మీరే. రేపు పొద్దున మీ అమ్మగారు "మోకాలు నొప్పిరా" అంటే "కదలకమ్మా" అనకండి. చెయ్యి అందించి, "రా అమ్మా, వాకిలిదాకా నడుద్దాం" అనండి.